ఒక సెలవుకి రెండు పళ్ళు

మా కుట్టు కార్ఖానాలో పన్ను నొప్పికి ఒకటే వైద్యం, పీకించుకోవడం. పూట సెలవు పెడితే ఆ పూట కూలి పోయినట్టే. అందుకని, ఎలాగూ వచ్చాం కదా అని దాని పక్క పన్ను కూడా పీకించుకుని వస్తాం. మా యజమానురాలికి అరవై దాటినా ముప్ఫై రెండూ ఉన్నాయి. ఆవిడకి మధ్యాహ్నాలు ఖాళీ మరి.

నేను కాలర్లు కుడతాను. కత్తెర వెతుక్కునే తీరికెక్కడిది, దారం పంటితోనే తెంపుతాను. చివరికి ఆ ముందు పన్నే పుచ్చి కూర్చుంది. ఎవరేమనుకున్నా సరే, నాకున్న అందమంతా నా నవ్వే. అది పోతుందంటే ఏడుపొచ్చింది.

అయినా ఫీజు లేని ఆసుపత్రికి వెళ్ళి, కుర్చీలో కూర్చోకముందే చెప్పాను.

"ఇదీ, దీని పక్కదీ తీసెయ్యండి డాక్టరమ్మా."

"పక్కదానికేమైంది?"

"ఏం కాలేదు. ఎలాగూ సెలవు పెట్టాను కదా!"

ఆవిడ పట్టకారు పక్కన పెట్టేసింది. "పక్కది నిక్షేపంలా ఉంది. పుచ్చినదాన్నీ నిలబెడతాను. ఇంకో మూడు మధ్యాహ్నాలు రా."

నాకు ఒళ్ళు మండింది. "ఆ మూడు మధ్యాహ్నాలూ మీరిస్తారా?" అనేసి చరచరా వచ్చేశాను.

మర్నాడు ఈ సంగతి చెబితే మా వరసంతా పడీపడీ నవ్వింది, కాజాలక్క తప్ప. చొక్కాలకి కాజాలు వేసేది ఆవిడే. నోట్లో పళ్ళకన్నా ఖాళీలే ఎక్కువ.

"పీకకుండానే నిలబెడతానందా?"

"అందక్కా."

"నాకెవరూ ఆ మాట చెప్పలేదే. పీకమన్నాను, పీకేశారు." మిషను ఆపి నా వైపు తిరిగింది. తర్వాత గదమాయించింది. "వెళ్ళవే. నీ కాలర్లు మేం కుట్టి నీ కట్టలో వేస్తాం. కట్ట లెక్కనే కదా కూలి."

అన్నట్టే మూడు మధ్యాహ్నాలూ నలుగురూ తలా కాసిని కుట్టారు. "మనిషి లేకుండా కాలర్లెలా వస్తున్నాయి?" అని సూపర్‌వైజరు ఆరా తీశాడట. "పొద్దున్నే కుట్టి పెట్టి వెళ్ళింది బాబూ" అని కాజాలక్క తల కూడా ఎత్తకుండా చెప్పిందట.

మూడో మధ్యాహ్నం ఆసుపత్రిలో పని అయ్యాక నేరుగా కార్ఖానాకే వచ్చాను. కాజాలక్క కళ్ళజోడు పెట్టుకుని, నా గడ్డం పట్టుకుని కిటికీ వైపు తిప్పి, చాలాసేపు చూసింది.

"భలే ఉందే తల్లీ. ఏదీ, నవ్వు."

నవ్వాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కూడా.

"నాకింకా ఆరున్నాయి" అంది నెమ్మదిగా. "రెండు సలుపుతున్నాయి. రేపు నేను వెళ్తాను."

"పీకించుకోవడానికా అక్కా?"

"నోర్ముయ్యవే!" అంది సిగ్గుపడుతూ.

కాజాలు వెయ్యడం నాకు బొత్తిగా రాదు. ఆ సాయంత్రమే ఆవిడ పక్కన కూర్చుని నేర్చుకున్నాను.