మామగారి తొలిచెయ్యి

సెట్టింగ్స్ ఐకాన్ మీద కౌముది పదకొండోసారి నొక్కింది. మౌసు బాణం పక్కన చిన్న చక్రం గిర్రున తిరిగింది. కింద పట్టీలో దాని పేరు ఒకసారి కనబడి మాయమైంది. విండో మాత్రం తెరుచుకోలేదు. ఫలానా తప్పు జరిగిందని ఒక్క ముక్క చెప్పినా బాగుండేది, కంప్యూటరును నడిపే ఈ లినక్స్ అదీ చెప్పలేదు.

ఆ విండో తెరుచుకుంటేగాని కొత్త ప్రింటరును కంప్యూటరుకు కలపడం కుదరదు. పన్నెండింటికి విల్లియనూరు పెళ్లివాళ్లు పత్రిక నమూనా చూడ్డానికి వస్తున్నారు. ముత్తియాల్‌పేటలోని ఈ అచ్చు ప్రెస్సు ఆమె మామగారు వరదరాజులుది. ఆరేళ్లు పత్రికలు మడతపెట్టే బల్ల దగ్గర కూర్చున్న కోడలు, కంప్యూటరు నేర్చుకుని, డబ్బు కట్టని దొంగ కాపీ మనకొద్దని వాదించి మరీ, ఉచితంగా దొరికే లినక్స్ పెట్టించింది. ఆయన ఒప్పుకున్నాడు గాని ఒక మెలిక పెట్టాడు. ఒక్క గిరాకీ వెనక్కి తిరిగినా ఆ పెట్టె పోతుంది, తను మళ్లీ మడతల బల్లకు పోతుంది. ఆ బల్ల పేరు చెబితేనే కౌముదికి ప్రాణం ఉసూరుమంటుంది.

కంప్యూటరు ఆపి మళ్లీ ఆన్ చేసింది. ప్రింటరు వైరు పీకి గుచ్చింది. నిన్న ఆయుధపూజకు మానిటరు మీద పెట్టిన గంధం బొట్టును కూడా తుడిచి చూసింది. దిక్కు తోచనప్పుడు దేవుడి బొట్టు మీదా అనుమానమే.

పదిన్నరకు ధనపాల్‌కు ఫోను చేసింది. మేట్టుపాళయంలో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు వచ్చి ఈ లినక్స్ ఎక్కించినవాడు అతనే. ఐకాన్ నొక్కడం మానెయ్యమన్నాడు. టెర్మినల్ అనే నల్ల విండోలో సెట్టింగ్స్ ప్రోగ్రాం పేరు టైపు చేసి పిలిస్తే, ఎందుకు రానంటోందో అదే చెబుతుందన్నాడు.

నిజంగానే చెప్పింది. కౌముది ఫోల్డరులోనే, సెట్టింగ్స్ దాచే ఫైలు ఒకటి ఉంది. దాన్ని ముట్టుకోడానికి కౌముదికి అనుమతి లేదట. తన ఇంట్లో తనకే అడ్డమా అని ఆమెకు ఒళ్లు మండింది. ధనపాల్ చెప్పిన ఇంకో కమాండ్ కొడితే, ఏ ఫైలు ఎవరిదో వరుసగా వచ్చింది. అన్నిటి పక్కనా తన పేరే. ఆ ఒక్కదాని పక్కన మాత్రం రూట్ అని ఉంది. రూట్ అంటే మొత్తం కంప్యూటరుకే యజమాని. ఫైలు మారిన సమయం ఆ పొద్దున ఆరుంపావు.

ఆరుంపావుకు ఈ కుర్చీలో కూర్చున్నది ఎవరో ఆమెకు తెలుసు.

పూజనాడు విశ్రాంతి తీసుకున్న ప్రతి యంత్రాన్నీ విజయదశమి పొద్దున ఇంటి పెద్దచెయ్యే మొదలుపెట్టాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ. కటింగ్ మిషను మీద ఒక కోత, ట్రెడిల్ అచ్చుయంత్రం మీద ఒక అచ్చు. కంప్యూటరుతో ఏం చెయ్యాలో తెలియని వరదరాజులు, యజమానికని ధనపాల్ ఎప్పుడో రాసిచ్చిన చీటీ తీశాడు. అందులో రాసున్న కమాండూ యజమాని పాస్‌వర్డూ ఉన్నది ఉన్నట్టు టెర్మినల్‌లో కొట్టాడు. సెట్టింగ్స్ తెరిచి, దండం పెట్టి, మూశాడు. అంత భక్తిగా, యజమాని హోదాలో తెరిచాక ఫైలు ఆయన సొంతం కాక ఏమవుతుంది?

సరిచెయ్యడం ఒక్క కమాండ్ పని. కాని దానికీ ఆ పాస్‌వర్డే కావాలి, అది ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పడు. తప్పు మీదేనని మామగారి మొహాన ఎలా అనడం? కౌముదికి భయం వేసింది. పదకొండు దాటాక ఇక లాభం లేదని లేచి వెళ్లి ఆయన ముందు నిలబడింది.

"మామా, పొద్దున మీరు దానికి తొలిచెయ్యి పెడితిరి గదా. అది మీ పేరున రాసేసుకొనింది. నేను పోతే తెరవనంటాది. మీరు వచ్చి నాకు ఇచ్చేయాల."

వరదరాజులు వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆమె కమాండ్ కొట్టింది, ఆయన ఒక్క వేలితో పాస్‌వర్డ్ కొట్టాడు. ఫైలు పక్కన రూట్ పోయి కౌముది పేరు వచ్చింది. ఐకాన్ నొక్కగానే విండో తెరుచుకుంది.

పెళ్లివాళ్లు వచ్చేసరికి నమూనా సిద్ధంగా ఉంది. వాళ్లు నచ్చిందని చెప్పి వెళ్లాక, ఆయన చొక్కా జేబులోంచి ఆ చీటీ తీసి కీబోర్డు మీద పెట్టాడు.

"వచ్చే ఏడు దీనికి తొలిచెయ్యి నువ్వే పెట్టుమ్మా. కత్తీ ట్రెడిలూ నేను చూసుకుంటా."

కౌముది చీటీ విప్పి చూడలేదు. కళ్లకద్దుకుని కొంగున ముడేసుకుంది.