బోసి మెడ

కొండ మీది కాపలా మంచెలో కూర్చుని చెవులకి యంత్రం తగిలించుకుంటే చాలు, అడవంతా తన గుప్పిట్లోనే ఉన్నట్టు మాట్లాడేవాడు ఆ వైర్‌లెస్ ఆయన. ఆ అభయారణ్యంలో ఒంటరిగా తిరిగే ముసలి మగ ఏనుగుని సిబ్బంది "పెద్దాయన" అంటారు. దాని మెడకి కట్టిన రేడియో పట్టీ నుంచి యంత్రంలోకి వచ్చే కూత విని, అది ఎక్కడుందో గార్డులకి చెప్పడం ఆయన ఉద్యోగం. ఆ గార్డుల్లో ఒకడు సొంత అల్లుడు. అతనికి ఇంట్లో మర్యాదలు, మంచె మీద చీవాట్లు రెండూ ధారాళంగానే అందేవి.

ఆ మధ్యాహ్నం కొండ దిగువన జంతువుల నీళ్లతొట్టికి గొట్టం పూడుకుపోయిందని కబురొచ్చింది. అల్లుడు పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు.

"మావయ్యా, పెద్దాయన ఎక్కడ?"

"తూర్పు చరియలో కునుకు తీస్తున్నాడు. పొద్దుటినుంచీ అడుగు కదల్లేదు. హాయిగా వెళ్లిరా."

"ఖాయమేనా?"

"నీకు పిల్లనిచ్చినప్పుడు ఒక్కసారే కదయ్యా నేను పొరబడింది! వెళ్లు, వెళ్లు."

అల్లుడు నవ్వుకుంటూ దిగిపోయాడు. వెదురు మొదలయ్యేచోట వైర్‌లెస్ సెట్టు ఆపేశాడు. అది గరగరమంటే జంతువులు బెదురుతాయని, పొదల్లో అందరూ ఆపేయాల్సిందేనని పట్టుబట్టింది కూడా ఈ మావగారే.

కాసేపటికి, పొద్దుటినుంచీ దిగువంతా కమ్మేసిన మంచు విడిపోయింది. ఆయన అలవాటుగా బైనాక్యులర్ ఎత్తి తొట్టివైపు చూశాడు. వెనకనున్న వెదురు గుబురు ఊగుతోంది. అందులోంచి ముందు చిరిగిన ఎడమ చెవి, ఆ తర్వాత పెద్దాయన తల బయటికొచ్చాయి. మెడ బోసిగా ఉంది.

పట్టీ ఎక్కడో తెగి పడిపోయింది. పొద్దుటినుంచీ తను విన్నది ఏనుగుని కాదు, నేలమీద పడున్న పట్టీని. ఏనుగు నిలబడి నిద్రపోయినా తల ఊపుతుంది, కూత హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. ఇవాళ మాత్రం ఒకే తీరుగా మోగింది. ఇన్నేళ్ల అనుభవమున్న చెవి ఆ తేడా పట్టుకోలేదు. పట్టుకోవాలని చూడనే లేదు.

సెట్టులో పిలిచాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. ఎలా పలుకుతుంది, దాని నోరు నొక్కేయమన్నది తనే! తుపాకీ పేలిస్తే? బెదిరిన ఏనుగు ఎదురుగా కనిపించినవాడి మీదికే పోతుంది. ఎదురుగా ఉన్నది అల్లుడే. చెప్పులైనా వెతుక్కోకుండా మంచె దిగి పరుగెత్తాడు.

"మా నాన్న ఉండగా నీకేం భయం?" అని పెళ్లైన కొత్తలో కూతురు మొగుడితో అన్న మాట చెవిలో గింగురుమంటోంది. ఆ పిల్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? అరికాల్లో ముల్లు దిగినా ఆగలేదు.

మలుపు తిరిగాడు. అల్లుడు తొట్టిమీదికి వంగి గొట్టంలో తీగ ఆడిస్తున్నాడు. అతని వీపు వెనక, పట్టుమని పది అడుగుల దూరమైనా లేదు, పెద్దాయన. వెదురు ఫెళ్లున విరిగింది. అల్లుడు తల తిప్పలేదు. పేరుపెట్టి అరిస్తే ఉలిక్కిపడి లేస్తాడు. లేస్తే అంతే సంగతులు.

ఆయన దారి మధ్యకొచ్చి, భుజమ్మీది తువాలు తీసి ఊపాడు. ఏనుగు చూడలేదు. ఎండుకొమ్మ అందుకుని మోకాలికేసి విరిచాడు.

ఏనుగు ఇటు తిరిగింది. చెవులు విప్పి ఒక్క ఉదుటున మీదికొచ్చింది. పారిపోతే వెంటపడుతుందని తెలుసు కాబట్టి, పారిపోవాలన్న ప్రాణాన్ని ఉగ్గబట్టుకుని ఆయన నిలబడ్డాడు. దుమ్ము మొహాన కొట్టింది. దాని ఊపిరి వెచ్చగా తగిలింది. అక్కడే ఆగి, ఒకసారి బుస్సుమని, వెనక్కి తిరిగి వెదురులోకి వెళ్లిపోయింది.

తొట్టి చాటున నక్కిన అల్లుడు పరుగున వచ్చి ఆయన్ని పొదివి పట్టుకున్నాడు.

"మావయ్యా, దెబ్బేమైనా తగిలిందా?"

"వెనక అంత చప్పుడవుతుంటే ఒక్కసారైనా తిరిగి చూడవేమయ్యా?"

"వినబడింది మావయ్యా. కోతులేమో అనుకున్నాను. పెద్దాయన ఇక్కడ లేడని మీరు చెప్పారు కదా!"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు, నిష్ఠూరం అంతకన్నా లేదు. ఉంటే ఆయన ఎలాగో తట్టుకునేవాడు. అక్కడే దుమ్ములో కూలబడి, అల్లుడి ముందు బావురుమన్నాడు.