దొడ్లో బిగించిన అద్దం

ఒతకర్ చొక్కా చేతితో అద్దం తుడిచాడు. గొర్రె వెంటనే వచ్చి ముక్కు ఆనించి మళ్ళీ మరక చేసింది.

"తుడవడం అయ్యేదాకా ఆగవు కదే, దొరసానీ."

లిబెరెత్స్ ఊళ్ళో ఉన్ని మిల్లు మూతపడేదాకా అతను మగ్గాల మీద పనిచేశాడు. బతుకంతా ఉన్నితో గడిపినా, గొర్రెను దగ్గర్నుంచి చూడటం ముసలితనంలో, ఈ ప్రయోగశాల దొడ్లో పనికి చేరాకే కుదిరింది. ఇప్పుడు అదే మిల్లులో కంటికి ఆనని దారాలు తీస్తున్నారు. వాటితో చేసిన గొట్టం ఈ గొర్రె మెడలో, రక్తనాళం ముక్కకు బదులుగా ఉంది. దాని సన్నటి రంధ్రాల్లోంచి ఏదో వాయువు ఊరుతుంటే రక్తం గడ్డకట్టదట. మామూలు గొట్టం పెట్టిన రెండో గొర్రె చలికాలంలోనే పోయింది.

దాంతో ఇది మేత మానేసింది. ఒంటరి గొర్రె తినదు. ఒతకర్ ఇంట్లో బీరువాకున్న అద్దం ఊడదీసి తెచ్చి ఇక్కడ బిగించాడు. భార్య లూద్మిలా పోయాక ఆ ఇంట్లో అద్దంతో పనున్న మనిషి లేడు. తోడు కనపడగానే గొర్రె తినసాగింది. ఒతకర్ మాత్రం అప్పట్నుంచి చేత్తో తడుముకుంటూ గడ్డం గీసుకుంటున్నాడు.

గొట్టం బాగుంటే గొర్రెను వేసవి దాకా ఉంచుదామని డాక్టర్ రద్కా అంది. ఇవాళే పరీక్ష. అతను గొర్రె తలను మోకాళ్ళ మధ్య పట్టుకున్నాడు. రద్కా దాని మెడ మీద, రక్తం పారే చప్పుడు వినిపించే యంత్రం ఆనించింది.

"వినండి ఒతకర్ గారూ, ఏరు పారుతున్నట్టు లేదూ?"

"అయితే వేసవి దాకా ఉంటుందిగా?"

ఆమె యంత్రం తెర మీంచి చూపు తిప్పలేదు. "ఇంత బాగుంటుందని ఎవరూ అనుకోలేదండీ. లోపలెలా ఉందో ఇప్పుడే కోసి చూడాలంటున్నారు. మధ్యాహ్నం."

"పాడైపోయుంటే?"

"అప్పుడూ చూసేవాళ్ళమే."

"పాసైనా ఫెయిలైనా ఒకటేనా, డాక్టరమ్మా. మరి పరీక్షెందుకు పెట్టినట్టు?"

అతను జేబులోంచి ఎండు రొట్టె తీశాడు. తూచిన మేత తప్ప మరేదీ దానికి పెట్టకూడదన్నారని రోజూ తనే నమిలే రొట్టె అది.

"పెట్టండి. ఇవాళ ఫర్వాలేదు," అంది రద్కా, మెల్లగా.

గొర్రె రొట్టె కరుచుకుని అద్దం దగ్గరికి పోయింది. అక్కడ అదీ, అద్దంలోదీ, ఇద్దరూ తిన్నారు.

మధ్యాహ్నం అతనే నడిపించుకెళ్ళాడు. సూది వేశాక దాని తల అతని అరచేతిలో కొద్దికొద్దిగా బరువెక్కింది.

సాయంత్రం రద్కా దొడ్డి గుమ్మంలో నిలబడింది. "గొట్టంలో ఒక్క గడ్డ లేదండీ. కొత్తదానిలా ఉంది."

"ఉంటుంది. మన మిల్లు దారం కదా."

"అద్దం ఇంటికి పట్టుకెళ్ళండి."

"చూద్దాం."

ఆమె వెళ్ళిపోయాక గడ్డి ఊడ్చి, నేల కడిగాడు. అద్దం మాత్రం తుడవలేదు. దాని మీద, నడుం ఎత్తున, ముక్కు ఆనించిన మరక, దానికంటుకున్న రొట్టె పొడి.