కాజాలక్క చేతులు

గింజల సీసా మూత మొదటి తిప్పుకే ఊడి వచ్చింది. కాజాలక్క పొయ్యి దగ్గరున్న మొగుడి వైపు గర్వంగా చూసింది. రిటైరైన ఆ బస్సు డ్రైవరు గుడ్లు ఉడకబెడుతూ చూడనట్టు నటించాడు. చూస్తే కళ్లు చెమరుస్తాయని ఆయన భయం.

దర్జీ కొట్టులో బొత్తాలకు కాజాలు కుట్టడమే ఆమె బతుకంతా. అసలు పేరు కొట్టు నడిపే మాస్టరుకు కూడా గుర్తులేదు. కీళ్లవాతం వచ్చాక వేళ్ల కణుపులు ఉబ్బిపోయి, పొద్దున లేస్తే గుప్పిట మూసుకునేది కాదు. సూది పట్టలేక దారాలు కత్తిరించే పనికి దిగింది. ఆమె పీట పక్కన కాజాల మిషను సవతిలా వచ్చి కూర్చుంది.

ఆస్పత్రిలో నర్సు, ఒంట్లో వాపుతో, మంటతో పోరాడే ఖనిజాలు కొన్ని ఉంటాయని చెప్పింది. జింకు, రాగి, సెలీనియం. చేపల్లో, గుడ్లలో, పప్పుల్లో, గుమ్మడి గింజల్లో దొరుకుతాయట.

"సెలీనియమ్మా? ఏ ఇంటి కోడలూ?" అంది కాజాలక్క. వార్డంతా ఘొల్లుమంది.

నవ్వించిందే గాని, ఇంటికొచ్చి డాక్టరమ్మ రాసిన మాత్రలను అటకెక్కించి గింజలనే నమ్ముకుంది. నెల తిరక్కుండా మోకాళ్లు కూడా వాచి మంచం పట్టింది. డాక్టరమ్మ కోప్పడలేదు.

"తిండి మందుకు తోడుంటుందమ్మా. మందు చోట్లో కూర్చోదు."

అప్పట్నుంచి మాత్ర మానలేదు. గరిటె మొగుడి చేతికొచ్చింది, పళ్లెం మారింది. వాపు అలిగిన చుట్టంలా మెల్లగా వెళ్లిపోయింది. ఏది ఎంత పనిచేసిందో ఆమె అడగలేదు.

సీసా మూత ఊడిన ఆ రోజు ఆమె వెళ్లేసరికి కొట్టులో గోలగా ఉంది. పాటగాడొకడు సాయంత్రం కచేరీకి వేసుకోవలసిన ఉన్ని కోటుకు ఇంకా కాజాలు పడలేదు. ఆ మందానికి మిషను సూది విరిగింది. మాస్టరు తల పట్టుకున్నాడు.

"ఇలా తే."

"అక్కా, నీ చేతులు..."

"నా చేతుల సంగతి నన్నడుగు."

ఇత్తడి వేలితొడుగు తొడుక్కుని, బ్లేడుతో గుడ్డ చీల్చింది. అంచు వెంట సూది దించి, దారం చుట్టి, ముడి బిగించి, మళ్లీ దించింది. ముడి పక్కన ముడి, పలువరుసలా సర్దుకుంటూ వచ్చింది. మధ్యలో చూపుడువేలు సలిపింది. ఆగి, దాన్ని ఒళ్లో పెట్టుకుని పసిపిల్లను జోకొట్టినట్టు నిమిరి, మళ్లీ మొదలుపెట్టింది. కత్తెరలన్నీ ఆగిపోయి ఆమెనే చూశాయి.

సాయంత్రం పాటగాడు కోటు తొడుక్కుని కాజాలు తడిమి చూశాడు. "ఇది మిషను పని కాదే!"

"మా అక్క పని," అన్నాడు మాస్టరు, తానే కుట్టినంత గొప్పగా. అతను వెళ్లగానే ఆమె వైపు తిరిగాడు. "రేపట్నుంచి ఆ మిషన్ని మూలకు నెట్టేస్తానక్కా."

"ఉండనీ. రేపట్నుంచి నేను రాను."

"అదేంటి?"

"చేతులు పడిపోయి మానేసిందని అనిపించుకోకూడదని పంటిబిగువున ఆగాను. ఇప్పుడు నా అంతట నేను వెళ్తున్నా. ఆస్పత్రిలో వేళ్లు పట్టేసినవాళ్లకి సూదిపని నేర్పమన్నారు."

మాస్టరు నవ్వబోయి ముక్కు చీదుకున్నాడు.

వీధి మలుపులో మొగుడు కూరల సంచితో నిలబడి ఉన్నాడు. ఆమె ఆ సంచి లాక్కుని, చేతులూపుకుంటూ రమ్మని ఆయన్ని ముందుకు తోసింది.

కొట్టులో పీట మీద, సూది పోట్లకు గుంటలు పడిన, ఆమె అప్పుడే తీసి పెట్టిన ఇత్తడి వేలితొడుగు, లోపలింకా కాస్త వెచ్చగా ఉంది.