కెజియా మందు చల్లగా ఉన్నన్నాళ్ళు

నేను ఒక సింగిల్ డోర్ ఫ్రిజ్‌ని. ఇప్పుడైతే ఒట్టి రేకు డబ్బానే అనుకోండి. పిడుగురాళ్ళలో మస్తాన్ పాత ఇనుము కొట్టు ముందు నిలబడి ఉన్నాను. ఎక్కడో ఫ్యాక్టరీలో నన్ను తయారుచేసి, లేత ఆకుపచ్చ రంగు వేసి, లారీలో ఈ ఊరు పంపారు. మొదట నన్ను కొన్నది శేషగిరిరావు గారు. ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నెల మొదట్లో ఆయన పెన్షను బ్యాంకులో పడగానే ఇంట్లోకి స్వీటు పెట్టె వచ్చేది. ఆ పెన్షను గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు. నాకూ అనాలని తోచలేదు.

ఆ ఇంట్లో దీనమ్మ పాచిపని చేసేది. ఆమె భర్త సున్నం బట్టీలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు. వితంతు పెన్షను, రేషను బియ్యం, ఈ పాచిపని, వీటితోనే తనూ కూతురు కెజియా బతికేవాళ్ళు. కెజియా ఎనిమిదో తరగతిలో ఉండగా బళ్ళో కళ్ళు తిరిగి పడిపోయింది. షుగరన్నారు. రోజూ ఇన్సులిన్ పొడుచుకోవాలి, ఆ మందు ఎప్పుడూ చల్లగా ఉండాలి అన్నారు.

దీనమ్మ ఈ సంగతి చెప్పి ఏడిస్తే, శేషగిరిరావు గారి భార్య రాజ్యలక్ష్మి గారు కదిలిపోయారు. "ఏడవకు. మేం ఎలాగూ పెద్దది కొనుక్కుంటున్నాం. దీన్ని నువ్వు తీసుకెళ్ళు" అన్నారు. మంచి మనసుతోనే ఇచ్చారు. ట్రాలీ ఆటోలో నన్ను పడుకోబెట్టి తీసుకెళ్తుంటే వీధంతా తలలు తిప్పి చూసింది.

దీనమ్మది ఒక్క గది ఇల్లు. నాలో మందు సీసాలు, నీళ్ళ సీసాలు, ఎప్పుడైనా ఒక నిమ్మకాయ ఉండేవి. కెజియా బడి నుంచి రాగానే తలుపు తీసి, లోపల మొహం పెట్టి కళ్ళు మూసుకునేది. "చాల్లే పిల్లా, చల్లదనమంతా పోద్ది" అనేది తల్లి. ముప్పావు వంతు ఖాళీగా ఉండేదాన్ని. అయినా నేను ఎవరికైనా అవసరమయ్యానంటే అది ఆ ఇంట్లోనే.

ఎదురింటి నాసరయ్యకి కిరాణా కొట్టుంది. ఎండాకాలం ఆయన భార్య గిన్నె పంపి ఐసు తెప్పించుకునేది. దీనమ్మ ఏనాడూ కాదనలేదు. ఆ ఐసు వేసిన మజ్జిగ తాగుతూ నాసరయ్య అరుగు మీద కూర్చుని అనేవాడు: "మన పన్నులు ఎటు పోతన్నయ్యో ఇక్కడ చూస్తే తెలుస్తది. పెన్షను ఊరికే, బియ్యం ఊరికే. పైగా చల్లనీళ్ళు. కష్టపడేవాడే పిచ్చోడు." గొంతు తగ్గించేవాడు కాదు.

"మందు కోసమని చెప్పొచ్చు కదమ్మా" అంది కెజియా ఒకరోజు.

"నీకు షుగరని ఊరందరికీ చెప్పమంటావా? రేపు నిన్నెవరు చేసుకుంటారు?" అంది దీనమ్మ. లేచి ఒక పాత చీర తెచ్చి నా మీద కప్పింది. గుమ్మంలో ఎవరైనా కనబడితే, మోటారు చప్పుడు వినబడకుండా ప్లగ్గు పీకేసేది.

ఈలోగా ఫ్రిజ్ ఉన్నవాళ్ళకి కార్డులు, పెన్షన్లు తీసేస్తారని పంపు దగ్గర పుకారు పుట్టింది. ఎవరన్నారో తెలియదు. అందరూ నమ్మారు.

అలాంటప్పుడే ఒకరోజు దీనమ్మ పని మధ్యలో ఇంటికొచ్చేసింది. కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని జరిగింది చెప్పింది. శేషగిరిరావు గారు వరండాలో స్నేహితులతో కూర్చుని, "ఈ రోజుల్లో పేదవాడెవడండీ? మా పనిమనిషి ఇంట్లోనే ఫ్రిజ్ ఉంది. దానికీ నెలనెలా పెన్షనే" అన్నారట. అంతా నవ్వారట.

"అమ్మగారు అక్కడే కాఫీలిస్తన్నారు. మేమిచ్చిందేగా అంటారేమోనని చూశా. అన్లేదు" అంది దీనమ్మ.

కెజియా లేచి నా మీద జారిన చీర సర్దింది. తర్వాత తనే అంది, "దీన్ని అమ్మేద్దాం మా. కరెంటు లేనప్పుడు తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టుకోమని ఆసుపత్రి నర్సమ్మ చెప్పిందిగా. అట్టాగే పెట్టుకుందాం." తల్లిని ఇక ఎవరూ ఏమీ అనకూడదని ఆ పిల్ల ఆరాటం.

అలా నేను రేషన్ షాపుకి ఎదురుగా ఉన్న ఈ మస్తాన్ కొట్టుకి వచ్చాను. దీనమ్మ శేషగిరిరావు గారింట్లో పాచిపని మానేసి, మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేది.

మే నెలలో ఒక మధ్యాహ్నం ఆమె చెమటలు కక్కుతూ వచ్చింది. చేతిలో కొత్త మందు సీసా ఉంది.

"మస్తానూ, నా ఫ్రిజ్ నాకిచ్చెయ్యయ్యా. నువ్విచ్చిన డబ్బులు మెల్లగా ఇచ్చేస్తా."

మస్తాన్ తలొంచుకున్నాడు. "మొన్ననే మోటారు తీసి అమ్మేశానక్కా. ఏమైంది?"

అప్పుడు చెప్పింది దీనమ్మ. తాను పనిలో ఉంటే కుండకి చుట్టిన గుడ్డ ఆరిపోతోందట. ఎండకి పాడైన మందు కూడా చూడటానికి మంచి మందులాగే ఉంటుందట. కెజియా మానకుండా పొడుచుకుంటూనే ఉందట, అయినా దాహం, నీరసం తగ్గట్లేదట. ఆసుపత్రిలో నర్సమ్మకి అనుమానమొచ్చి కొత్త సీసా ఇచ్చి, రేపు పిల్లని తీసుకురమ్మందట.

చెప్తూనే నా తలుపు తీసి లోపల చెయ్యి పెట్టింది. ఎండలో నిలబడి నిలబడి లోపలంతా కాలిపోతున్నాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని తలుపు మెల్లగా మూసింది. మస్తాన్ పరుగెత్తి సోడా కొట్టు నుంచి ఐసు ముక్కలు తెచ్చి, సీసాని కవర్లో చుట్టి ఇచ్చాడు.

సాయంత్రానికి కెజియా వాంతులు చేసుకుని స్పృహ తప్పింది. గుంటూరు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది.

ఈ సంగతి నాకు రేషన్ వరసలో నాసరయ్య నోటే తెలిసింది. కళ్ళు తుడుచుకుంటూనే అన్నాడు, "మందు కోసమని మాకేం తెలుసు? ఒక్క మాట చెప్పుంటే మేమేమన్నా అంటామా?" పక్కనున్నవాళ్ళు తలూపారు. అలా, చెప్పకపోవడం కూడా దీనమ్మ తప్పే అయింది.

మర్నెల దీనమ్మ సంచి పట్టుకుని రేషన్ షాపుకి వచ్చింది. ఆమెని చూసి జనం పక్కకి జరిగి ముందుకి పంపారు. మిషను మీద వేలు పెట్టింది. డీలరు ఇద్దరి బియ్యం తూచి పొయ్యబోతుంటే సంచి మూతి చేత్తో మూసేసింది.

"ఒకరివే పొయ్యి బాబూ."

"పాప పేరు కార్డులో ఇంకా ఉందమ్మా. ఈ నెలకి తీసుకో, ఏం కాదు."

"వద్దు," అంది దీనమ్మ, వెనక్కి తిరిగి వరసకేసి చూస్తూ. "మళ్ళీ ఎవరన్నా అంటారు."