పోయిన కల్పంలోనూ ఇంతే

ప్లవ నామ సంవత్సరం పుష్యమాసంలో ఎనిమిది గ్రహాలు ఒకే రాశిలోకి వస్తున్నాయనీ, వచ్చే ఆదివారానికి లోకం మునిగిపోతుందనీ ఊరూరా ఒకటే గగ్గోలు. మా రొద్దంలో కోళ్లు మాత్రం ఆదివారం దాకా కూడా ఆగలేకపోయాయి. ఎటూ పోయేవాళ్లమే కదా, తినేసి పోదామని ఇంటింటా కోసేశారు. మా ఆయనకు మాత్రం చీమ కుట్టినట్లయినా లేదు. అంతకు వారం ముందు బెల్లం బండి తోలుకొని హిందూపురం మండీకి పోయినప్పుడు, అక్కడి సత్రంలో ఎవరో శాస్త్రులు పురాణం చెబుతుంటే విని వచ్చాడు. బ్రహ్మదేవుడికి తెల్లవారితే లోకం పుడుతుందట, పొద్దుగూకితే మునుగుతుందట. మళ్లీ తెల్లవారితే అంతా యథాప్రకారమేనట. అదే రాముడు, అదే రావణుడు, అదే రొద్దం.

“మునిగితే మునగనీలేవే. మళ్లా పుడతాది. ఇదే ఇల్లు, ఇదే నువ్వు, ఇదే నేను. పోయిన కల్పంలోనూ ఇంతే, వచ్చే కల్పంలోనూ ఇంతే” అన్నాడు.

అది మొదలు మా ఇంట్లో ప్రతిదానికీ అదే జవాబు. చారులో ఉప్పు తక్కువైతే పోయిన కల్పంలోనూ తక్కువే. దూడ తాడు తెంచుకొని పాలన్నీ తాగేస్తే పోయిన కల్పంలోనూ తాగేసిందే. ఇంత సుళువైన మాట దొరికితే మగవాడు వదులుతాడా? ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది. వాళ్లక్క సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఈరక్క మా ఆయనకు ఒక్కగానొక్క అక్క. ధర్మవరంలో కాపురం. వదిన భర్త రైల్వేలో పనిచేస్తాడు. మా అత్త పోయినప్పుడు కబురు పంపితే పాపం వదిన వెంటనే బయలుదేరింది. బండి ఆలస్యమైంది, పెనుకొండలో బస్సు దొరకలేదు, నడుచుకుంటూ వచ్చింది. ఈలోగా పొద్దుపోతోందని పెద్దలు తొందర పెడితే ఈయన నిప్పు పెట్టేశాడు. వదిన వచ్చేసరికి మంటలే మిగిలాయి. “అమ్మ మొగం గూడా చూడనీకుండా చేసినావు గదరా” అంది. తప్పయిందనొచ్చు కదా! “రైలు లేటయితే నేనేం జేసేది?” అన్నాడు ఈయన. ఆ మాటతో వదిన అట్లాగే వెనక్కి తిరిగిపోయింది. ఆరేళ్లయింది. అప్పటినుంచీ రాకపోకలు లేవు. తన నోటి నుంచి వచ్చిన మాట ఎంత పాపిష్టిదో ఈయనకు తెలుసు. తెలిసే పోలేకపోయాడు.

గురువారం అన్నం పెడుతూ అన్నాను. “లోకం ఆదివారం మునిగేదుంటే శనివారమన్నా పోయి అక్కను చూసి రాగూడదా?”

“పోయిన కల్పంలో నేను పోల్యా. ఈ తూరీ పోను. జరిగిందే జరుగుతాదంటే నేను మార్చేదెట్ల?”

నాకు ఎక్కడలేని కోపమూ వచ్చింది.

“పోలేదని నీకెవురు చెప్పినారు?” అన్నాను.

“ఆఁ?”

“శాస్త్రులు చెప్పినాడా? నీకేమన్నా గుర్తుండాదా? పోయింటావేమో! పోయిన కల్పంలో పోయినోనివి ఈ తూరి ఇంట్లో కూసుంటే ఆ శాస్త్రుల మాట అబద్ధమైపోదా?”

ఆయన కలుపుతున్న ముద్ద కంచంలోనే వదిలేసి నావైపు తిరిగాడు.

“నేను పోయింటానంటావా?” అని అడిగాడు. ఆ గొంతులో ఎంత ఆశ ఉందో వింటే నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు.

“ఖాయంగా పోయింటావు. నేనే తోడుకొని పోయింటా” అన్నాను.

శనివారం పొద్దున్నే పెనుకొండకు వచ్చి పాసింజరు ఎక్కాం. బండి కిటకిటలాడుతోంది. చచ్చేదేదో తమవాళ్ల దగ్గర చద్దామని బయలుదేరినవాళ్లే అందరూ. ధర్మవరంలో వదిన వాళ్ల ఇల్లు స్టేషనుకు ఆనుకొని, పట్టాల పక్కనే. వాకిట్లో కూర్చుని కందులు చెరుగుతోంది. తల సగం నెరిసిపోయింది. మమ్మల్ని చూసి లేవలేదు.

“ఏమప్పా హనుమంతూ, లోకం మునిగేదాకా అక్క గుర్తుకు రాలేదా?” అంది.

తప్పయిందను, తప్పయిందను అని నేను వెనకనుంచి గిచ్చుతూనే ఉన్నాను. ఈయన మాత్రం పురాణం ఎత్తుకున్నాడు. బ్రహ్మ పగలు, బ్రహ్మ రాత్రి, శాస్త్రులు చెప్పిందంతా వరసగా అప్పజెప్పాడు. వదిన చేట ఒళ్లో పెట్టుకొని ఓపిగ్గా వింది.

“అంటే అమ్మ మళ్లా సస్తాది.”

“ఊఁ.”

“నేను మళ్లా నడుసుకుంటా వస్తా. నువ్వు మళ్లా నిప్పు పెట్టేసింటావు.”

“అది మార్చేకి నా చేతుల్లో లేదక్కా. కానీ ఈ పొద్దు వచ్చినట్ల మళ్లా వస్తా. ఎన్ని కల్పాలైనా సరే, ప్రతి తూరీ వస్తా.”

పెద్ద మాట ఇచ్చానని ఆయన మొహం వెలిగిపోతోంది. నేను కూడా అమ్మయ్య అనుకున్నాను. వదిన చేట కింద పెట్టింది.

“వస్తావులే. ఆరేండ్లకు వస్తావు. పాసింజరు కూతేసినప్పుడల్లా నేను ఈడికొచ్చి నిలబడి, దిగినోళ్లందర్నీ చూసి లోపలికి పోతాంటిరా. ప్రతి తూరీ అదంతా నేను మళ్లా పడల్లనా?”

దానికి జవాబు శాస్త్రులు చెప్పి పంపలేదు. మా ఆయన వాకిట్లోనే కూలబడిపోయి, “తప్పయిపాయక్కా” అని వెక్కి వెక్కి ఏడ్చాడు.