గోడ బరువు తగ్గిన సభ

అశోక్‌నగర్ రీడింగ్ రూములో ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసే వందమంది నడుమ, సంయుక్త ఒక్కతే గోడ బరువు లెక్క కడుతూ కూర్చునేది. ఇటుకల గోడ కాదు. పదార్థం ఒకవైపు ఒక తీరుగా, మరోవైపు ఇంకో తీరుగా సర్దుకున్నప్పుడు ఆ రెంటి మధ్యా ఏర్పడే సన్నటి సరిహద్దు. దాని చుట్టూ క్వాంటం ప్రకంపనలు ఎప్పుడూ ఆగవు. వాటివల్ల ఆ గోడ బరువు పెరుగుతుందా, తగ్గుతుందా అన్నదే ఆమె పీహెచ్‌డీ.

పెరుగుతుందని ఇరవై ఏళ్ల కిందటే ఒక వ్యాసంలో ఆమె గైడు సుందరరావు తేల్చేశారు. తగ్గుతుందని సంయుక్త తేల్చింది. అందుకే ఆయన మూడు నెలలుగా థీసిస్ మీద సంతకం పెట్టడం లేదు. సోమవారంతో గడువు సరి. అది దాటితే ఐదేళ్ల చదువు గంగలో కలిసినట్టే.

"సార్, ఫంక్షన్ హాల్ల నడిమిట్ల ఒక స్తంభం వచ్చిందనుకోండి," అని ఆగస్టులోనే చెప్పి చూసింది. "కుర్చీలు అటు ఇటు జరుగుతయి. స్తంభం ఉన్న హాల్ల, లేని హాల్ల అన్నన్నే కుర్చీలు లెక్కవెట్టి పోల్చాలె. మీరు రెండిట్ల ఒకే వరుస దాంక లెక్కవెట్టి ఆపిన్రు. జరిగిన కుర్చీలు, అంటే గోడ వల్ల జరిగిన ప్రకంపనలు, లెక్కల రాలె."

"ఇరవై ఏళ్లలో నన్నెవరూ తప్పుపట్టలేదమ్మాయ్," అన్నారాయన.

ఆ వ్యాసాన్ని ఎవరూ చదవలేదన్న మాట నాలుక చివరిదాకా వస్తే సంయుక్త మింగేసింది.

ఇంతలో చిక్కడపల్లిలో సుందరరావుకు సన్మానం కుదిరింది. సన్మానపత్రాన్ని సన్మానం చేయించుకునేవారే రాసుకోవడం మన సభల్లో పెద్ద రహస్యమేమీ కాదు. ఆయనా రాసుకున్నారు. నారాయణగూడలో అచ్చు వేయించి, బంగారు రంగు ఫ్రేము కట్టించి, శనివారం సాయంత్రం కాగితం చుట్టిన ఆ పత్రాన్ని వేదిక మీదే సంయుక్త చేతిలో పెట్టారు.

"నీ గొంతు బాగుంటుంది, నువ్వే చదువు. సంతకం సంగతి తరవాత చూద్దాం," అన్నారు. ఆమె సంచిలో థీసిస్ ఫారం సిద్ధంగానే ఉంది.

సంయుక్త మైకు ముందు నిలబడి చదివింది. ప్రకంపనల పరమేశ్వరులు, విద్యార్థి వత్సలులు అంటూ నాలుగు వరుసలు బాగానే సాగాయి. అదే ఊపులో ఐదో వరుసా చదివేసింది. "తమ పాత ఫలితంలోని దోషాన్ని తామే కనిపెట్టి, స్తంభం, కుర్చీల ఉపమానంతో వివరించి, గోడ బరువు తగ్గుతుందని లోకానికి చాటిన వినయశీలి."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. మూడు నెలలు ఏడిపించింది చాలక, ఆఖరికి కుర్చీలు కూడా ఎత్తుకుపోయాడు.

ఆ వాక్యాన్నే తాపీగా ఇంకోసారి చదివింది. చప్పట్లు మోగాయి.

"ఈ లెక్క ఎట్ల చేసిన్రో సార్ ఇప్పుడు మీకు రెండు ముక్కల్ల చెప్తరు," అని మైకు ఆయన ముందుకు జరిపింది.

మూడు శాలువాల్లోంచి సుందరరావు మైకు వంక చూశారు. "సమయం తక్కువగా ఉంది కదమ్మా," అన్నారు. ఎంత నిగర్వి అనుకుని జనం మళ్లీ చప్పట్లు కొట్టారు.

సంయుక్త ఫ్రేమును ఆయన ఒళ్లో పెట్టి, దాని మీద ఫారం పరిచి, పెన్ను అందించింది. "నా థీసిస్‌ల గూడ గదే ఉంది సార్, తగ్గుతదనే. మీరిప్పుడు అందరి ముంగట ఒప్పుకున్నరు కద."

"సార్, జర ఇటు నవ్వండి," అన్నాడు ఫొటోగ్రాఫరు. సుందరరావు నవ్వుతూ సంతకం పెట్టారు.

ఆదివారం సంయుక్త థీసిస్‌కు కృతజ్ఞతల పేజీ రాసింది. "ఈ ఫలితాన్ని ఆగస్టులో నేను చెప్పినప్పుడు తప్పన్న, నవంబరులో చిక్కడపల్లిలో రెండు వందల మంది ఎదుట ఒప్పన్న మా గైడుగారికి." చివర అనుబంధంగా సన్మానపత్రం ఫొటో జతచేసింది.